పట్టా గడువు – సాగు హక్కు: జమీందారీ రైతులపై 1897 నాటి మద్రాసు హైకోర్టు తీర్పు

1802లో వెలువడిన శాశ్వత శిస్తు నిర్ణయం జమీందారు ప్రభుత్వానికి చెల్లించవలసిన పేష్కషును స్థిరపరచింది. జమీందారుకూ రైతుకూ గల సంబంధాన్ని మాత్రం అంత స్పష్టంగా నిర్వచించలేదు. తరతరాలుగా భూమిని దున్నుతున్న రైతు దానికి హక్కుదారుడా, లేక జమీందారు దయపై ఏడాదికేడాది సాగుచేసుకొనే కౌలుదారుడా అన్న ప్రశ్న ఉత్తర సర్కారుల జమీందారీలలో శతాబ్దం పొడవునా తేలకుండా నిలిచింది. జవాబు రెండవదైతే జమీందారు దావా వేసి రైతును బేదఖలు చేయవచ్చు.

ఈ వివాదంలో పట్టా పాత్ర విచిత్రమైనది. 1802 నాటి 30వ రెగ్యులేషను, 1865 నాటి 8వ చట్టం జమీందారూ రైతూ పట్టా ముచ్చిలికలు మార్చుకోవాలని నిర్దేశించాయి. చెల్లించవలసిన శిస్తు కాగితం మీద ఉంటే అడ్డగోలు వసూళ్లకు అడ్డుకట్ట పడుతుందన్నది వాటి ఆశయం. పట్టాలు సాధారణంగా ఫసలీ సంవత్సరానికి ఒకటిగా ఇచ్చేవారు. 1871లో చొక్కలింగ పిళ్లై వ్యాజ్యంలో మద్రాసు హైకోర్టు, ఒప్పందంలోని గడువును మించి కౌలును పొడిగించే శక్తి ఈ శాసనాలకు లేదని నిర్ణయించింది. దీనితో రైతుకు రక్షణగా పుట్టిన కాగితమే అతనిది ఒక్క ఏటి హక్కు అని వాదించడానికి జమీందార్లకు సాక్ష్యమైంది.

ఈ వాదానికి గట్టి సమాధానం 1897లో వెంకట నరసింహ నాయుడు, దండమూడి కోటయ్య వ్యాజ్యంలో లభించింది. శాశ్వత శిస్తు నిర్ణయానికి లోబడిన ఎస్టేటులో భూమిని సాగుచేస్తున్న రైతు ప్రథమ దృష్ట్యా ఏటేటి కౌలుదారు కాడనీ, తాను దున్నే భూమిలో కుడివారపు హక్కుకు యజమాని అనీ హైకోర్టు తీర్పు చెప్పింది. పంటలో ప్రభుత్వానికి లేదా జమీందారుకు చెందే వాటా మేల్వారం, సాగుదారుది కుడివారం. రైతు హక్కు జమీందారు నుంచి సంక్రమించిందన్న భావనను న్యాయమూర్తి ఎస్. సుబ్రహ్మణ్య అయ్యర్ తిరస్కరించారు. ఇంగ్లండులోని భూస్వామి, కౌలుదారుల సంబంధాన్ని ఈ దేశపు భూములకు అన్వయించడం పొరపాటన్నది ఆయన తర్కానికి మూలం. హక్కు ఒప్పందం నుంచి కాక సాగు నుంచి పుట్టినదైనప్పుడు పట్టాలోని గడువు ఆ ఏటి శిస్తుకే గాని హక్కుకు హద్దు కాజాలదు.

తీర్పు ఫలితం ముఖ్యంగా నిరూపణ భారం విషయంలో కనిపిస్తుంది. తాతల నాటి సాగుకు దస్తావేజులు చూపలేని రైతు ఇక తన హక్కును మొదటినుంచీ రుజువు చేసుకోనక్కరలేదు. అతనిని తొలగించే అధికారం తనకుందని జమీందారే రుజువు చేయాలి. లెక్కలూ కరణాలూ జమీందారు చేతిలో ఉన్న కాలంలో ఈ మార్పు విలువ చాలా ఎక్కువ.

అయినా ఇది ప్రథమ దృష్ట్యా చేసిన ఊహ మాత్రమే. సాక్ష్యంతో దానిని ఖండించవచ్చు. దావా ఖర్చులు భరించలేని రైతుకు అనుకూలమైన తీర్పు ఉన్నంత మాత్రాన భూమి దక్కదు. 1908 నాటి మద్రాసు ఎస్టేటుల భూమి చట్టం 6వ సెక్షను ఈ లోటును చాలావరకు పూడ్చింది. చట్టం అమలులోకి వచ్చేనాటికి జిరాయితీ భూమి స్వాధీనంలో ఉన్న రైతుకు శాశ్వత సాగు హక్కు లభించింది. జమీందారు సొంత కమతం మాత్రం దీని పరిధిలోకి రాలేదు. కనుక ఏది జిరాయితీ, ఏది కమతం అన్నది తరువాతి వ్యాజ్యాలకు కొత్త రంగమైంది.

ఇనాము గ్రామాల రైతుకు ఈ రక్షణ అంత సులభంగా అందలేదు. 1918లో సూర్యనారాయణ, పాతన్న వ్యాజ్యంలో ప్రీవీ కౌన్సిలు, ఇనాము అంటే మేల్వారపు దానం మాత్రమే అని ముందుగా ఊహించడానికి వీలులేదని తేల్చింది. పూర్తి గ్రామ ఇనాములను ఎస్టేటు నిర్వచనంలోకి తేవడానికి 1936లో చట్టాన్ని సవరించవలసి వచ్చింది.

1948లో ఎస్టేటుల రద్దు చట్టం జమీందారీని తొలగించి రైత్వారీని స్థాపించింది. ఆ రద్దుకు రాజకీయోద్యమాలు కారణమన్నది నిజమే. కాని రైతు జమీందారు కింద కౌలుదారు కాడన్న సూత్రం దానికి అర్ధశతాబ్దం ముందే బేదఖలు దావాలలో రూపుదిద్దుకొంది. భూసంస్కరణల చరిత్రను శాసనాలతోనే ప్రారంభించక, కోర్టు గుమ్మం తొక్కిన రైతుల వ్యాజ్యాలతో కలిపి చదవడం అందుకే అవసరం.