నవ్వులాటకు పుట్టిన నలుగురు

కళ్లకు ముసుగేసుకుని ఆయుధాలు తిప్పే నాలుగు తాబేళ్లు ప్రపంచమంతా తిరిగాయి. సినిమాల్లో కనిపించాయి, టీవీలో కనిపించాయి, పిల్లల బడిసంచుల మీదా కనిపించాయి. ఇంత దూరం వెళ్లిన బొమ్మల్ని ఏ పెద్ద కంపెనీయో జీతగాళ్లను కూర్చోబెట్టి తయారు చేయించి ఉంటుందనుకుంటాం. అవి పుట్టినచోట కంపెనీ లేదు, జీతం లేదు, గీయమని అడిగిన వాళ్లసలే లేరు. కామిక్స్ పిచ్చి పట్టిన ఇద్దరు స్నేహితులు మాత్రం ఉన్నారు.

ఇద్దరిలో చిన్నవాడు కెవిన్ ఈస్ట్‌మన్. 1962లో అమెరికా ఈశాన్య కొసనున్న మెయిన్ రాష్ట్రంలో పుట్టాడు. రెస్టారెంట్ల వంటింట్లో పనిచేసి పొట్టపోసుకుంటూ, పని దిగాక కామిక్స్ గీసేవాడు. 1980ల మొదట్లో మసాచుసెట్స్‌లో ఉండగా ఒకసారి బస్సులో ఎవరో వదిలేసిన పత్రిక అతని కంటబడింది. తిరగేసి చూస్తే ఆ చుట్టుపక్కల వాళ్లే వేస్తున్న చిన్న కామిక్స్ పత్రిక. ఈ ఊళ్లో కూడా తనలాంటి వాళ్లున్నారన్న మాట! బొమ్మలు పట్టుకుని ఆ పత్రిక వాళ్లను వెతుక్కుంటూ వెళ్లాడు. వాళ్లు అతనికి పనేమీ ఇవ్వలేదు గానీ, నీలాగే గీసే మనిషి ఇంకొకడున్నాడని చెప్పి ఒక పేరిచ్చారు. ఆ పేరు పీటర్ లేర్డ్.

లేర్డ్ ఈస్ట్‌మన్ కంటే ఎనిమిదేళ్లు పెద్ద. బొమ్మలు గీయడమే వృత్తిగా పెట్టుకున్నాడు కానీ, ఆ వృత్తి అతనికి తిండి సరిగ్గా పెట్టడం లేదు. స్థానిక దినపత్రికలో తోటపని పేజీకి వంకాయల్లాంటివి గీసిస్తే బొమ్మకు పది డాలర్లు ముట్టేవి. ఈస్ట్‌మన్ అతని ఇంటికి వెళ్లినప్పుడు గోడ మీద ఒక చిత్రం చూసి ఆగిపోయాడు. అది జాక్ కర్బీ స్వయంగా పెన్సిలుతో గీసిన అసలు పేజీ. కెప్టెన్ అమెరికా, హల్క్, ఫెంటాస్టిక్ ఫోర్ లాంటి వాటి పుట్టుకలో చెయ్యున్న మహానుభావుడు కర్బీ. ఈస్ట్‌మన్‌కు దేవుడు, లేర్డ్‌కూ దేవుడే. ఇక వేరే పరిచయం అక్కర్లేకపోయింది.

ఆ కర్బీ జీవితంలోనే వీళ్లకొక పాఠం ఉంది. ఆయన ఊహించిన పాత్రల మీద కంపెనీలు కోట్లు గడించాయి. ఆ పాత్రల మీద ఆయనకు హక్కు లేదు. 1980ల నడుమ, తాను గీసిన అసలు పేజీలను తిరిగిమ్మని మార్వెల్ కంపెనీతో పోరాడాల్సి వచ్చింది. అమెరికన్ కామిక్స్‌లో అప్పటి ఆనవాయితీ అది. గీసినవాడికి పేజీకింత కూలి, పాత్ర మాత్రం కంపెనీది.

అయితే ఆ ఆనవాయితీని దాటే సందొకటి అప్పుడే తెరుచుకుంటోంది. పత్రికల దుకాణాల్లో అమ్ముడుపోని ప్రతుల్ని వెనక్కి పంపేసేవారు, ఆ నష్టం ప్రచురణకర్త నెత్తిన పడేది. చిన్నవాళ్లకు అది ప్రాణాంతకం. 1970ల్లో కామిక్స్ కోసమే ప్రత్యేకంగా దుకాణాలు వెలిశాయి. అవి ఎన్ని కావాలో ముందే చెప్పి కొనేవి, మిగిలితే తిప్పి పంపేవి కావు. దాంతో ఎన్ని ప్రతులు వేయాలో అచ్చుకు ముందే తేలిపోయేది. 1977లో కెనడాలో డేవ్ సిమ్ ‘సెరిబస్’, 1978లో వెండీ, రిచర్డ్ పినీ దంపతులు ‘ఎల్ఫ్‌క్వెస్ట్’ ఆ దారిలోనే సొంతంగా మొదలుపెట్టారు. ఈ సంగతి మన స్నేహితులిద్దరికీ తెలుసు. తెలియనిదల్లా ఏ కథ వేయాలన్నదే.

1983లో లేర్డ్ దంపతులు న్యూ హ్యాంప్‌షైర్‌లోని డోవర్ పట్టణానికి మారారు. ఈస్ట్‌మన్ కూడా వచ్చి అదే ఇంట్లో దిగాడు. ఇద్దరూ కలిసి స్టూడియో పెట్టామన్నారు. ఎక్కడా అంటే, ముందుగదే స్టూడియో. అందుకే ఎండమావి అన్న అర్థంలో మిరాజ్ స్టూడియోస్ అని పేరు పెట్టుకున్నారు. మొదట ‘ఫ్యూజిటాయిడ్’ అనే మరమనిషి కథ ఎత్తుకున్నారు. ఎంతో శ్రద్ధగా, పద్ధతిగా ఆలోచించిన కథ. అది అచ్చుదాకా పోకుండానే పక్కన పడింది. పని చూపించమని వెళ్లిన చోటల్లా తలుపు సగమే తెరుచుకునేది. ఈస్ట్‌మన్ దగ్గర తిరస్కరణ ఉత్తరాలు పోగుపడుతూనే ఉన్నాయి.

1983 నవంబరులో ఒక రాత్రి. పనిచేసి చేసి విసుగొచ్చింది, టీవీ మోగుతోంది. లేర్డ్‌ను నవ్వించాలనిపించి ఈస్ట్‌మన్ కాగితం మీద ఒక తాబేలును గీశాడు. రెండు కాళ్ల మీద నిలబడింది, కళ్లకు ముసుగుంది, చేతులకు నంచాకులనే ఆయుధాలు కట్టుకుంది. పైన ‘నింజా తాబేలు’ అని రాసి అవతలి బల్ల మీదకు విసిరాడు. నెమ్మదికి మారుపేరైన జీవికి మెరుపులా కదిలే జపాను నింజా యోధుల విద్య! లేర్డ్ పగలబడి నవ్వాడు. నవ్వి ఊరుకుంటే కథ అక్కడితో అయిపోయేది. అతను పెన్సిలు తీసుకుని ఆ తాబేలునే తన తీరులో మళ్లీ గీశాడు. ఈస్ట్‌మన్ పట్టుదలకు పోయి ఈసారి నాలుగింటిని గీశాడు, ఒక్కోదాని చేతిలో ఒక్కో ఆయుధం పెట్టాడు. లేర్డ్ ఆ బొమ్మను ఇంకుతో దిద్దుతూ పేరుకు ముందు ఇంకో రెండు మాటలు చేర్చాడు. ‘టీనేజ్ మ్యూటెంట్ నింజా టర్టిల్స్’ అన్న చాంతాడంత పేరు అలా తయారైంది.

మర్నాడు చూసుకున్నా ఆ బొమ్మ నవ్విస్తూనే ఉంది. చేతిలో వేరే పనులూ లేవు. సరే, ఇవి తాబేళ్లెందుకయ్యాయి, నింజాలెలా అయ్యాయి, కథ కడదామన్నారు. ఆ రోజుల్లో కామిక్స్ పాఠకులను ఊపేస్తున్న వాటన్నిటినీ ఆటపట్టించే కథ అల్లారు. ఫ్రాంక్ మిల్లర్ గీసిన ‘డేర్‌డెవిల్’లో నాయకుడు ఒక గుడ్డివాణ్ణి లారీ కింద పడకుండా కాపాడబోయి రేడియోధార్మిక పదార్థం కళ్లలో పడి చూపు పోగొట్టుకుంటాడు. వీళ్ల కథలో అదే ప్రమాదంలో ఎగిరిపడిన డబ్బా వెళ్లి తాబేలు పిల్లలున్న గాజుపాత్రకు తగులుతుంది. పిల్లలు నాలుగూ మురుగుకాలువలో పడతాయి. డేర్‌డెవిల్ గురువు పేరు స్టిక్ (కర్ర) అయితే తాబేళ్ల గురువైన ఎలుక పేరు స్ప్లింటర్ (కర్రపేడు). అక్కడి శత్రుముఠా ‘హ్యాండ్’, ఇక్కడిది ‘ఫుట్’. తాబేళ్లకు జపాను పేర్లు పెట్టి చూశారు, అతకలేదు. ఇంట్లో ఉన్న చిత్రకళ చరిత్ర పుస్తకం తీసి లియొనార్డో, రాఫెల్, డొనటెల్లో, మైకెలాంజెలో అని పెట్టేశారు. ఆ చివరి పేరులో అక్షరదోషం దొర్లింది. ఏళ్లతరబడి అది అలాగే అచ్చయింది.

వాళ్లిద్దరూ పనిచేసే తీరు విచిత్రంగా ఉండేది. కామిక్స్‌లో సాధారణంగా పెన్సిలు ఒకరిది, ఇంకు ఇంకొకరిది. ఇక్కడ ఒకే పేజీ ఇద్దరి మధ్యా తిరిగేది. ఒకరు గీసిన దాని మీద ఇంకొకరు చెయ్యి చేసుకునేవారు, ఏ గీత ఎవరిదో చెప్పడం కష్టం. రంగులకు డబ్బు లేదు. ఆ లోటు తీర్చడానికి డుయోషేడ్ అనే అట్ట వాడారు. చూడటానికి మామూలు తెల్ల అట్టలాగే ఉంటుంది. దాని మీద కంటికి కనబడని సన్నటి గీతలు రెండు వరసలు ముందే అచ్చయి ఉంటాయి. కుంచెతో ఒక ద్రావకం పూస్తే ఒక వరస తేలి లేతనీడ వస్తుంది. ఇంకో ద్రావకం పూస్తే రెండు వరసలూ తేలి ముదురునీడ పడుతుంది. రాత్రి వీధులకూ మురుగు గొట్టాలకూ ఆ మసకచీకటి చక్కగా నప్పింది. ఉన్న రెండు నీడలతోనే నలుపుతెలుపు పుస్తకానికి నిండుదనం వచ్చింది.

ఇక అచ్చు ఖర్చు. ఈస్ట్‌మన్‌కు పన్ను వాపసు వచ్చింది. లేర్డ్ తన ఖాతా ఊడ్చాడు. అవి చాలక ఈస్ట్‌మన్ వాళ్ల అంకుల్ వెయ్యి డాలర్ల పైచిలుకు అప్పిచ్చాడు. చవక న్యూస్‌ప్రింటు మీద, పత్రిక సైజులో, 40 పేజీలతో సుమారు 3,000 ప్రతులు వేశారు. వెల డాలరున్నర. మిగిలిన డబ్బుతో కామిక్స్ వ్యాపారులు చదివే ‘కామిక్స్ బయ్యర్స్ గైడ్’ వారపత్రికలో ప్రకటన ఇచ్చారు. ఇంకో పుస్తకం వేస్తామన్న ఆశ లేకనే కథ చివర విలన్ ష్రెడ్డర్‌ను చంపేశారు. అమ్ముడుపోని కట్టలు ఇంట్లోనే ఉండిపోతాయనే అనుకున్నారు.

1984 మే 5న న్యూ హ్యాంప్‌షైర్‌లోని పోర్ట్స్‌మత్‌లో జరిగిన చిన్న కామిక్స్ సంతలో పుస్తకం బయటికొచ్చింది. ప్రకటన చూసిన పంపిణీదారులు ఫోన్లు చేశారు. ఇద్దరూ ఓపిగ్గా తయారుచేసి పంపిన పరిచయపత్రాలు పనిచేసి వార్తాసంస్థలు ఈ వింత పేరును దేశమంతా మోశాయి. కొన్ని వారాల్లోనే ప్రతులన్నీ చెల్లిపోయాయి. రెండోసారి 6,000 వేశారు. అంకుల్ అప్పు తీరింది. 1985 జనవరిలో రెండో సంచికను 15,000 ప్రతులు వేస్తే ఖర్చులు పోను తలా 2,000 డాలర్లు మిగిలింది. అద్దెకూ పెన్సిళ్లకూ చాలు. ఇక వేరే పనులు మానేసి గీసుకోవచ్చనుకున్నారు.

తాబేళ్లను చూసి నలుపుతెలుపు కామిక్స్ పుట్టగొడుగుల్లా లేచాయి. ఊరూపేరూ లేని జంతువులన్నీ కరాటే నేర్చేసుకున్నాయి. రెండు మూడేళ్లకు ఆ గిరాకీ కూలి ఎందరో మునిగారు. తాబేళ్లు నిలబడ్డాయి. 1986లో మార్క్ ఫ్రీడ్‌మన్ అనే ఏజెంటు వచ్చి బొమ్మలుగా అమ్మిపెడతానన్నాడు. పెద్ద కంపెనీలు వద్దన్నాక ప్లేమేట్స్ అనే చిన్న కంపెనీ ఒప్పుకుంది. 1987 డిసెంబరులో కార్టూన్ వచ్చింది, మరుసటేడు బొమ్మలు వచ్చాయి. హాలీవుడ్ పెద్ద స్టూడియోలు కాదన్న సినిమా 1990లో విడుదలై ప్రపంచవ్యాప్తంగా 20 కోట్ల డాలర్లు దాటింది. ఎవరూ పెట్టుబడి పెట్టకపోవడం వల్ల మేలేం జరిగిందో అప్పుడు తెలిసొచ్చింది. వాటా అడిగేవాడు లేడు. తమ దేవుడు కర్బీకి దక్కనిది ఈ ఇద్దరికీ దక్కింది.

అయితే ఆ సంపదకు మూల్యం చెల్లించాల్సి వచ్చింది. ఒప్పందాలూ వ్యాపారమూ పెరిగేకొద్దీ పక్కపక్కన కూర్చుని గీసే తీరిక పోయింది, పుస్తకాలు క్రమంగా వేరేవాళ్ల చేతుల్లోకి వెళ్లాయి. ఈస్ట్‌మన్ 1990లో టండ్రా అనే ప్రచురణ సంస్థ పెట్టి, కళాకారులకు ధారాళంగా డబ్బిచ్చి, కోటి డాలర్లకు పైగా పోగొట్టుకుని మూసేశాడు. తర్వాత తన వాటాను లేర్డ్‌కు అమ్మేశాడు. 2009లో లేర్డ్ తాబేళ్ల హక్కులను నికలోడియన్ అనే పిల్లల టీవీ చానల్ మాతృసంస్థకు సుమారు 6 కోట్ల డాలర్లకు ఇచ్చేశాడు.

అంతకు చాలా ముందే, 1992లో, లేర్డ్ జెరిక్ ఫౌండేషన్ అనే సంస్థ పెట్టాడు. సొంతంగా కామిక్స్ అచ్చు వేసుకునేవాళ్లకు అది 2012 దాకా గ్రాంట్లు ఇచ్చింది. డబ్బు తీసుకున్నవాడి పాత్రల మీద సంస్థకు ఏ హక్కూ ఉండేది కాదు. 1990ల్లో జీన్ లువెన్ యాంగ్ అనే యువకుడు ఆ సాయంతో తన తొలి కామిక్ వేసుకున్నాడు. 2006లో అతని ‘అమెరికన్ బార్న్ చైనీస్’ అమెరికా సాహిత్య పురస్కారమైన నేషనల్ బుక్ అవార్డు తుది జాబితాకెక్కింది. ఆ గౌరవం పొందిన మొదటి గ్రాఫిక్ నవల అదే. అచ్చుకు కాసిని డబ్బులు దొరికి, అడ్డుచెప్పేవాడు లేకపోతే చాలు, మిగతాది గీసేవాళ్లే చూసుకుంటారని లేర్డ్‌కు అనుభవం మీద తెలుసు.