మైకుసెట్టు కింద కోటబొమ్మాళి

మా కోటబొమ్మాళిలో ఒకప్పుడు పాట ఎవరికి వారు వినేది కాదు, ఊరు వినేది. పెళ్ళివారింటి ముందు వేపచెట్టుకో, గుడి దగ్గర పాతిన వెదురుబొంగుకో బాకా కట్టి ప్లేటు వేస్తే, ఆ చప్పుడు పోయినంత మేరా అందరికీ ఒకటే పాట. కళ్ళంలో నూర్పు మీదున్నవాడికీ, చెరువులో గేదెల్ని కడుగుతున్నవాడికీ, మంచం మీద బాలింతకీ అదే. నీకు ఏ గాయకుడంటే ఇష్టమని ఎవరినీ అడగనక్కర్లేదు. మైకుసెట్టు పెట్టెలో ఎవరి ప్లేట్లు ఎక్కువ అరిగాయో చూస్తే తెలిసిపోయేది.

మా చిన్నాన్న మైకుసెట్టు నడిపేవాడు. ఊళ్ళో కరెంటు ఉన్నా నమ్మకం లేదు గనక కారు బ్యాటరీ ఒకటి, యాంప్లిఫయరు, అహూజా బాకాలు రెండు, తాళం తిప్పే గ్రామఫోను, లక్కప్లేట్ల పెట్టె. ఇవన్నీ సైకిలు మీదా, దూరమైతే నాటుబండి మీదా వెళ్ళేవి. ప్లేటుకి ఒక్కో వైపు మూడు నిమిషాల పాట. అది అవగానే తిప్పాలి, ముల్లు మొద్దుబారితే మార్చాలి. “ఒరే గుంటడా, ముల్లు మార్చు” అన్న మాటతోనే నా సంగీత పరిచయం మొదలైంది. ప్లేటు జారితే పెంకులైపోతుంది, అందుకని పిల్లల్ని ముట్టనిచ్చేవాడు కాదు. ముల్లు పని మాత్రం నాది.

ఆ పెట్టెలో అందరికంటే ఎక్కువ అరిగినవి ఘంటసాల ప్లేట్లు. కరుణశ్రీ పద్యాలకి ఆయన ప్రాణం పోసిన ‘పుష్పవిలాపం’ మీద గీతలు పడి, ఒకచోట ముల్లు ఎప్పుడూ ఎగిరిపడేది. జనం ఆ ఎగురుడుతో సహా పద్యం నేర్చుకున్నారు. టూరింగు టాకీసులో టిక్కెట్లు ఇవ్వడానికి ముందు ఆయన ‘నమో వేంకటేశా’ వేసేవారు. పొలాల్లో ఉన్నవాళ్ళు అది వినబడగానే కాళ్ళు కడుక్కుని బయల్దేరేవారు. తెలుగుదేశంలో చాలా ఊళ్ళలో ఇదే తీరు. మా ఊరి ప్రత్యేకత అని చెప్పను.

మా వైపుకి ప్రత్యేకమైనది ఇంకొకటి ఉంది, నేను చెప్పాలనుకున్నదీ అదే. మద్రాసు నుంచి వచ్చాయని మేము చెవులప్పగించి విన్న ఆ గొంతుల్లో, ఆ వరసల్లో చాలా భాగం మా పక్కనుంచి వెళ్ళినవే. కోటబొమ్మాళిలో రైలెక్కితే పూటలో చేరే విజయనగరంలో పదునుపెట్టుకుని, మద్రాసు పోయి, ప్లేటెక్కి, మళ్ళీ మా వేపచెట్టు మీదికి వచ్చాయి.

ఘంటసాల పుట్టింది 1922లో కృష్ణా జిల్లా చౌటపల్లిలో. కానీ ఆయన విద్వాంసుడైంది విజయనగరంలో. అక్కడ పూసపాటి రాజులు 1919లో సంగీత కళాశాల పెట్టి, హరికథకి పితామహుడనిపించుకున్న ఆదిభట్ల నారాయణదాసుని మొదటి ప్రిన్సిపాలుగా కూర్చోబెట్టారు. దాసుగారు బొబ్బిలి వైపు అజ్జాడ వారు. ఆయన తర్వాత 1936లో వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు ఆ పదవికి వచ్చారు. ఆ కళాశాలని నమ్ముకుని చేతిలో కానీ లేకుండా వచ్చిన కుర్రాడు ఘంటసాల. జోలె పట్టుకుని వీధుల్లో మధుకరం ఎత్తుకుని తిన్నాడు. ఆయనకి పాఠం చెప్పిన పట్రాయని సీతారామశాస్త్రిది సాలూరు. గురువుగారి అబ్బాయి సంగీతరావు తర్వాత మద్రాసు వెళ్ళి, దశాబ్దాల పాటు ఘంటసాల పక్కన హార్మోనియం ముందు కూర్చున్నారు. నూరేళ్ళు దాటి బతికి 2021లో కన్నుమూశారు. అంటే ఘంటసాల గొంతు వెనక వినబడే వాద్యంలోనూ సాలూరు ఉంది.

సాలూరనగానే ఇంకో పేరు. ఆ దగ్గరి శివరామపురంలో, ఘంటసాల పుట్టిన ఏడే పుట్టిన సాలూరు రాజేశ్వరరావు. పన్నెండేళ్ళు నిండీ నిండకుండానే గ్రామఫోను కంపెనీవారికి పాడిన పిల్లవాడు. ఆయన సంగీతంతో ‘మల్లీశ్వరి’ 1951లో, ‘మిస్సమ్మ’ 1955లో వచ్చాయి. మా చిన్నాన్న ఆ రెండింటి ప్లేట్లనీ గుడ్డలో చుట్టి విడిగా పెట్టుకునేవాడు. అద్దెకి పోయే పెట్టెలో వేసేవాడు కాదు. మంచి పాట జనానికి వినిపించాలి గానీ దాచుకోవడమేమిటని ఇంట్లో వాదన జరిగేది. నా ఉద్దేశంలో ఆయన చేసింది సరైనదే. ఆ ప్లేట్లు అలా మిగలబట్టే నా తరం వాటిని గీతలు లేకుండా విన్నది.

ఇక సుశీలమ్మ. 1935లో విజయనగరంలోనే పుట్టి, ఆ కళాశాలలోనే చదివారు. ఉత్తమ గాయనికి జాతీయ పురస్కారం పెట్టినప్పుడు మొట్టమొదట అందుకున్నది ఆవిడే, ఒక తమిళ పాటకి. పాడిన పాటల్లో 17,695 లెక్కకి తేల్చి 2016లో గిన్నిస్ వారు రికార్డు ఇచ్చారు. మా ఊరి ఆడవాళ్ళకి ఆ లెక్కలతో పని లేదు. పెళ్ళిలో మంగళస్నానాలవేళ చిన్నాన్న దగ్గరికి కబురొచ్చేది: “సుశీలమ్మని ఎయ్యమన్నారు.” పాట పేరు ఉండదు, సినిమా పేరు ఉండదు. ఆ మనిషిని వెయ్యమనడమే. మగవాళ్ళు పాటలు అడిగేవారు, ఆడవాళ్ళు గొంతుని అడిగేవారు. ఈ తేడా నేను ఎప్పటికీ మరవలేదు.

ప్లేట్లు రాకముందు సంగతీ చెప్పాలి. మాకు పక్కనున్న నరసన్నపేట ప్రాంతంలో గోనెపాడు అనే ఊరుంది. అక్కడ 1893లో పుట్టిన గరిమెళ్ళ సత్యనారాయణ తెల్లదొరతనం మాకొద్దని పాట కట్టాడు. బాకా లేదు, రేడియో లేదు. నోటి నుంచి నోటికి, సంతల నుంచి సంతలకి అది నడిచి వెళ్ళింది. 1922లో ఆయన్ని జైల్లో పెట్టారు. పాట మాత్రం బయటే తిరిగింది. మా తాతల తరంలో అందరూ పాడినదీ, అందరూ విన్నదీ ఏదంటే నేను ఆ పాటనే చెబుతాను. గరిమెళ్ళ 1952లో మద్రాసులో దరిద్రంతో పోయాడు. మన తూర్పువాళ్ళని మద్రాసు ఆదుకున్న కథలతో పాటు ఈ కథ కూడా చెప్పుకోవాలి.

ప్లేటుకి మూడు నిమిషాలైతే నాటకానికి తెల్లవార్లూ. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు వేస్తున్నారంటే చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బళ్ళు కట్టుకుని వచ్చేవారు. ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు ఉండేవారు. ఒక రంగానికి ఒకరు, రాయబారానికి ఇంకొకరు. కృష్ణుడంటే మా వాళ్ళకి పీసపాటి నరసింహమూర్తి. బొబ్బిలి వైపు మనిషి, అందుకని ‘మన పీసపాటి’. పద్యం బాగుంటే ‘వన్స్‌మోర్’ అని కేకలు పడేవి. చచ్చిన పాత్ర కూడా లేచి పద్యం మళ్ళీ పాడి చావాల్సిందే. ఇది హాస్యానికి చెప్పడం లేదు. చచ్చినవాణ్ణి లేపి పాడించుకునేంత ఆకలి ఉండేది ఆ జనానికి.

నాటకంవాళ్ళు పద్యం చివర రాగాన్ని సాగదీసి సాగదీసి వదిలేవారు. ఘంటసాల ఆ సాగదీతని కోసేసి, మాటకి తగినంత రాగమే ఉంచాడు. ప్లేటు కొలతా, సినిమా కొలతా దానికి కొంత కారణం కావచ్చు. కానీ ప్రతి మాటా అర్థమయ్యేట్టు పాడాలన్న పట్టుదల ఆయనది. మా ఊళ్ళో రెండు పద్ధతులూ పక్కపక్కనే బతికాయి. రాత్రి పందిట్లో పొడుగు రాగం, పొద్దున్న బాకాలో పొట్టి రాగం. హార్మోనియం వాయించే పెద్దలు ఘంటసాలని చాలా ఏళ్ళు ఒప్పుకోలేదు. వాళ్ళ మనవలు ఆయన తీరులోనే పద్యం అప్పజెప్పడం మొదలెట్టాక ఒప్పుకున్నారు.

రేడియో మాకు ఆలస్యంగా పట్టుబడింది. 1948లో విజయవాడ కేంద్రం వచ్చింది. అది మా దాకా గరగరలతో చేరేది. అంతకంటే రేడియో సిలోన్ తేటగా వినబడేది, మధ్యాహ్నం మీనాక్షి పొన్నుదొరై తెలుగు పాటలు వేసే గంట కోసం కాచుకునేవారు. 1963లో విశాఖపట్నం కేంద్రం మొదలయ్యాకే మా యాసకి దగ్గరి మాట రేడియోలో పలికింది. ఇంకో చిత్రం. ఒడిశా సరిహద్దు దగ్గర కాబట్టి కటక్ కూడా మాకు అందేది. టెక్కలి, ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడే ఇళ్ళు బోలెడు. అక్షయ మహంతి పాటలు అర్థం తెలియకుండానే నోటికి వచ్చిన తెలుగు పిల్లలు మా బడిలో ఉండేవారు.

ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న పోయారు. ఆఖరి రోజుల్లో ఆయన పాడిన భగవద్గీత ప్లేటు ఆ తర్వాత బయటికొచ్చింది. మొదట్లో గుళ్ళలో, పూజల్లో వేసేవారు. క్రమంగా చావింటికి చేరింది. ఇప్పుడు మా వీధుల్లో పొద్దున్నే గీత వినబడితే చేతిలో పని ఆపి “ఎవులు పోనారు?” అని అడుగుతారు. అంత గొప్ప పని చావుకి గుర్తుగా మిగలడం నాకు బాధే. అయినా ఒకటి నిజం. ఏ కులం వీధిలోనైనా, ఏ పేదింటి ముందైనా ఆఖరి పయనానికి ఆయన గొంతు వస్తుంది. మరే గాయకుడికీ మా వాళ్ళు అంత చోటు ఇవ్వలేదు.

ఎనభైల్లో చిన్నాన్న ప్లేట్లు అటకెక్కి, ఆయన కొడుకు క్యాసెట్ల దుకాణం పెట్టాడు. ఊరి చెవి ముక్కలైంది అప్పుడే. ఖాళీ క్యాసెట్టు కొని, కావలసిన పాటలు చీటీ మీద రాసిస్తే ఎక్కించి ఇచ్చేవాడు. ఆ చీటీలు తీగకి గుచ్చి ఉంచేవాడు. బాలసుబ్రహ్మణ్యం, ఇళయరాజా పాటలతో నిండిన చీటీలే ఎక్కువ. నన్ను ఆపినవి వేరే చీటీలు. వెరావల్ వేటకి పోయే మత్స్యకారులు, పట్టాళంలో ఉన్నవాళ్ళు, హైదరాబాదులో తాపీపని చేసేవాళ్ళు సినిమా పాటలతో పాటు “మన జాతర్లో జముకు కథ”, “తప్పెటగుళ్ళు ఒక వైపు” అని రాసిచ్చేవారు. అవి ఏ కంపెనీ అచ్చువేసినవీ కాదు. ఎవరో టేపురికార్డరు పట్టుకెళ్ళి మా ఊరి కొత్తమ్మతల్లి జాతరలో పట్టుకొచ్చినవి. గుజరాత్ ఒడ్డున వినడానికి మా వాళ్ళు ఊరి నుంచి మూటకట్టుకున్నది జముకు చప్పుడు.

జముకు చూడనివాళ్ళ కోసం: డొల్లగా ఉన్న చిన్న వాద్యం, ఒక వైపు తోలు, మధ్యలోంచి ఒక తీగ. చంకలో ఇరికించి తీగ మీటుతూ కథ చెబుతారు, పక్కన వంతలు అందుకుంటారు. ఈ పద్ధతినే తీసుకుని పలాస దగ్గర బొడ్డపాడులో గుడి పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి పేదల కథ చెప్పాడు. 1969 డిసెంబరులో ఆయన్ని చంపేశారు. పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు మా పల్లెల వరసల్ని భుజాన వేసుకుని ఊరూరూ తిరిగాడు. 2020లో ఆయన పోయినరోజు మా బజారులో టీ దుకాణంలో సాయంత్రం దాకా ఆయన పాటలే. గోచీ బిగించి గజ్జెకట్టిన ఆ మనిషిని గొప్ప సంగీతకారుల వరసలో చెప్పడానికి కొందరికి ఇంకా మనసొప్పదు. నేను చెబుతాను. సాలూరు రాజేశ్వరరావు పక్కనే కుర్చీ వేసి చెబుతాను.

2023లో మా ఊరి పేరుతోనే ‘కోట బొమ్మాళి పీఎస్’ అని సినిమా వచ్చింది. కథ మలయాళం నుంచి తెచ్చినది. కానీ సినిమా కంటే ముందే పి. రఘు రాసి పాడిన ‘లింగిడి’ పాట ఊళ్ళన్నీ ఊపేసింది. సంగీతం మిథున్ ముకుందన్. ఆ పాట నడక శ్రీకాకుళం జానపదం నడక, మాట మా మాట. అంతకు ముందు మా వాళ్ళు పైకి ఎదగాలంటే యాస వదిలి వెళ్ళాల్సి వచ్చేది. సుశీలమ్మ పాటలో విజయనగరం యాస వెతికినా దొరకదు. ఇప్పుడు యాసే ముందు నడిచింది. మా మనవరాలు హైదరాబాదు కాలేజీలో ‘మా ఊరు కోటబొమ్మాళి’ అనగానే తోటి పిల్లలు ఆ పాట అందుకున్నారట. నాకు సంతోషమే.

సంతోషంతో పాటు ఒక దిగులు ఉంది. ఆ నడకని తరాలుగా కాపాడినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. ఉభాలప్పుడు, అంటే వరినాట్లప్పుడు, మడిలో వంగి పాడే ఆడవాళ్ళు, రొమ్ముకి రేకు గుళ్ళు కట్టుకుని గంగమ్మ కథ ఆడే యాదవులు, జముకు పట్టిన ముసలివాళ్ళు. క్యాసెట్టు మీద కూడా చిన్నాన్న కొడుకు ‘జాతర’ అని మాత్రమే రాశాడు, పాడిందెవరో రాయలేదు. అందుకని ఇప్పుడు నేనూ, బడిలో పనిచేసే మా కుర్రాళ్ళు ఇద్దరూ ఫోను పట్టుకుని తిరుగుతున్నాం. ముందు మనిషి పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పించుకుంటాం. పాట ఆ తర్వాత. నిమ్మాడ వైపు ఊళ్ళతో మొదలుపెట్టాం. ఉభాలు అయ్యేలోగా చెరువు కింద మళ్ళన్నీ తిరగాలి, నాటు యంత్రాలు వచ్చిన పొలాల్లో ఇప్పటికే పాడేవాళ్ళు లేరు.