బిళ్లకు రెండు రంధ్రాలు

మోమిన్‌పేట్‌లో జనరల్ స్టోర్‌కు పోయి "అక్కా, పాపకు పీక ఉన్నదా?" అని అడిగితే, తీగకు వేలాడే ప్యాకెట్లలోంచి ఒకటి తెంపి చేతిలో పెడతారు. రంగు చూసి తీసుకునేవాళ్లే ఎక్కువ. విప్పి చూస్తే అందులో ఉండేవి మూడే: నోట్లోకి పోయే మెత్తటి మొన, పెదవులకు ఆనే బిళ్ల, వెనకాల రింగు. ఈ మూడూ ఇప్పుడున్న తీరున కుదరడానికి కొన్ని వందల ఏళ్లు పట్టింది. మొన గురించి కంపెనీలు చాలా చెప్పుకుంటాయి. పసిబిడ్డల ప్రాణం కాపాడే పని మాత్రం ఎక్కువగా చేసేది బిళ్ల. దాని గురించి చెప్పేవాళ్లు తక్కువ.

రబ్బరు రాకముందు యూరప్‌లో పీక అంటే గుడ్డమూటే. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1506లో వేసిన మేరీమాత బొమ్మలో బాలయేసు చేతిలో అలాంటి మూట కనిపిస్తుంది. రొట్టె, పాలు, చక్కెర పాతగుడ్డలో మూటగట్టి చప్పరించమని ఇచ్చేవారు. ఏడుపు మానకపోతే మూటను సారాలో ముంచేవారు, గసగసాల రసం అద్దేవారు. బిడ్డ మత్తులో పడుకునేది. కలిగిన ఇళ్లలో వెండి పిడికి బిగించిన పగడపు ముక్క ఇచ్చేవారు.

1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కాచి గట్టిపరిచే పద్ధతి కనిపెట్టాక అసలు మార్పు మొదలైంది. 1900 ప్రాంతంలో న్యూయార్క్‌లో మందుల షాపు నడిపే క్రిస్టియన్ మైనెకె మొన, బిళ్ల, రింగు కలిసిన నమూనాకు పేటెంట్ తీసుకున్నాడు. ఇప్పుడు మన పిల్లల నోట్లో ఉన్నది దాదాపు ఆ రూపమే. అయితే అప్పట్లో తెల్లగా కనిపించే రబ్బరులో సీసం ఉండేది. శుభ్రంగా ఉందనుకుని తల్లులు కొన్నదే విషం.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో అడాల్ఫ్ ముల్లర్, విల్‌హెల్మ్ బాల్టర్స్ అనే దంతవైద్యులు మొన మీద దృష్టి పెట్టారు. బిడ్డ పాలు తాగేటప్పుడు తల్లి చనుమొన గుండ్రంగా ఉండదు. నాలుకకూ అంగిలికీ మధ్య నలిగి చదునవుతుంది. అందుకే వాళ్లు కింద చదునుగా, పైన అంగిలి వంపుకు సరిపోయేలా ఏటవాలు మొన తయారుచేశారు. ‘నుక్’ పేరుతో ఇప్పటికీ అమ్ముతున్నది అదే. ఆలోచన మంచిదే. కానీ ఆకారం ఎంత బాగున్నా, మూడు నాలుగేళ్లు వచ్చేదాకా పీక వదలని పిల్లలకు ముందుపళ్లు కలవకుండా మధ్యలో సందు పడుతుంది.

ఇక బిళ్ల సంగతి. పీకలు గొంతులో ఇరుక్కుని పసిపిల్లలు ఊపిరాడక చనిపోయిన ఘటనలు వచ్చాక, 1970ల చివర్లో అమెరికా ప్రభుత్వం ఈ చిన్న వస్తువుకు గట్టి నిబంధనలు పెట్టింది. వాటిలో ప్రతి మాట వెనకా ఒక బిడ్డ కనిపిస్తుంది నాకు. బిళ్ల బిడ్డ నోట్లోకి దూరకూడదు. అందుకని కొలత ప్రకారం తీసిన సందులో పీకను పెట్టి, మొన పట్టి లాగుతారు. బిళ్ల ఆ సందు దాటి వస్తే ఆ పీక పనికిరాదు. బిళ్లకు కనీసం రెండు రంధ్రాలు ఉండాలి, ఒక్కొక్కటి 5 మిల్లీమీటర్లకు తక్కువ కాకూడదు. ఎప్పుడైనా బిళ్ల నోట్లో ఇరుక్కున్నా వాటిలోంచి గాలి ఆడుతుంది, బయటికి లాగడానికీ పట్టు దొరుకుతుంది. ఆరుసార్లు మరిగే నీళ్లలో ముంచి తీసి, తర్వాత సుమారు నాలుగున్నర కిలోల బలంతో పది సెకన్లు లాగినా ఏ ముక్కా ఊడకూడదు. ఇంట్లో తల్లి పీకను మళ్లీమళ్లీ ఉడకబెడుతుంది, రబ్బరు పాతబడుతుంది, పళ్లొచ్చిన బిడ్డ కొరుకుతుంది. పరీక్షలో ఇవన్నీ ముందే లెక్కలోకి తీసుకున్నారు. ఒకే సిలికాన్ ముద్దతో, అతుకు లేకుండా పోసే పీకలైతే ఊడడానికి ముక్కే ఉండదు.

మెడకు కట్టొద్దన్న హెచ్చరిక ప్యాకెట్ మీద ఉండాలని కూడా ఆ నిబంధనల్లోనే రాశారు. మన దగ్గర ఈ మాట గట్టిగా చెప్పాలి. కింద పడితే మట్టి అంటుతుందని పీకకు నల్లదారం కట్టి బిడ్డ మెడలో వేయడం ఊళ్లలో చూస్తూనే ఉంటాం. నిద్రలో బిడ్డ పొర్లినప్పుడు ఆ దారమే ఉరి అవుతుంది. తేనె అద్దడం ఇంకో ప్రమాదం. ఏడాది నిండని బిడ్డ పేగుల్లో తేనెలోని బొటులిజం క్రిమి బీజాలు మొలకెత్తి విషం పుట్టించగలవు, కండరాలు చచ్చుబడిపోతాయి. 2018లో టెక్సస్‌లో నలుగురు పసిపిల్లలు ఇలాగే ఆసుపత్రి పాలయ్యారు. వాళ్లు చప్పరించినవి మెక్సికోలో కొన్న, తేనె నింపిన పీకలు.

అసలు పీక ఇవ్వాలా వద్దా అన్నదాని మీద వైద్యుల మాటా మారుతూ వచ్చింది. 1989లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ చెప్పిన పది సూత్రాల్లో తల్లిపాలు తాగే బిడ్డకు పీక ఇవ్వనే వద్దన్నారు. 2018లో సవరించినప్పుడు, దాని వాడకం గురించీ నష్టాల గురించీ తల్లికి వివరించి చెప్పండి అన్నారు. ఈ మధ్యలో, 2005లో, అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఇంకో మాట చెప్పింది: తల్లిపాలు బాగా అలవాటయ్యాక, పడుకోబెట్టేటప్పుడు పీక ఇస్తే నిద్రలో హఠాత్తుగా సంభవించే మరణాలు తగ్గుతున్నాయని. రెండూ కలిపి చూస్తే బాలింతకు దారి తెలుస్తుంది. మొదటి వారాల్లో బిడ్డ ఏడిస్తే రొమ్ముకే పట్టాలి, పీక సంగతి ఆ తర్వాత.

నెలలు నిండని పిల్లల విషయంలో మాత్రం పీకే ఒక చికిత్స. చప్పరించడం, మింగడం, ఊపిరి తీసుకోవడం మూడూ ఒక లయలో కుదరడానికి గర్భం లెక్కలో దాదాపు 34 వారాలు నిండాలి. అప్పటిదాకా పాలు గొట్టం ద్వారా పోస్తారు. ఆ గొట్టం త్వరగా తీసేయాలన్న తపనతోనే ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో సంగీత చికిత్స ఆచార్యురాలు జేన్ స్టాండ్లీ పీకలో ఒక సెన్సర్ అమర్చింది. బిడ్డ సరిగా చప్పరిస్తే కాసేపు లాలిపాట వినిపిస్తుంది, ఆపితే పాటా ఆగుతుంది. మళ్లీ పాట కావాలని బిడ్డ మళ్లీ చప్పరిస్తుంది. కాన్సస్‌లో స్టీవెన్ బార్లో ఇంకో దారి పట్టాడు. ఆయన పరికరం పీకలోకి చిన్నచిన్న గాలి తరంగాలు పంపి, చప్పరించే లయను బిడ్డ నోటికే నేర్పుతుంది. 2022లో జార్జియా టెక్, వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీల పరిశోధకులు లాలాజలంలోని సోడియం, పొటాషియం కొలిచే పీకను ఆసుపత్రిలోని పసిపిల్లల మీద పరీక్షించి చూశారు. ఇప్పుడు ఆ లెక్కల కోసం నెలలు నిండని బిడ్డ మడమ గుచ్చి మళ్లీమళ్లీ రక్తం తీస్తున్నారు. ఆ పోట్లు తప్పించాలన్నదే వాళ్ల ప్రయత్నం.