తెలుగు పద క్రీడల్లో చెల్లుబాటు మాటల తగవు: చరిత్ర

గళ్ల నుడికట్టు, అక్షరాల పలకలతో ఆడే ఆటలు, రోజుకొక మాటను కనిపెట్టే ఆన్‌లైన్ ఆటలు అన్నిటికీ ఒక తగవు ఉంది. ఏ మాట చెల్లుతుంది, ఏది చెల్లదు, ఆ సంగతి తేల్చేది ఎవరు అన్నదే ఆ తగవు. ఇంగ్లీషులో ఇది ప్రధానంగా పదపట్టికల చరిత్ర. తెలుగులో దీని మూలాలు ఆటలకంటే చాలా పాతవి. సాధు శబ్దమేది, గ్రామ్యమేది అని వందల ఏళ్లు సాగిన వాదమే ఇప్పుడు ఫోను తెరమీదికి వచ్చింది. ఆ వాదాన్ని మలుపు తిప్పిన గిడుగు వెంకట రామమూర్తి పుట్టింది శ్రీకాకుళం జిల్లాలో, వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగానికి దగ్గరి పర్వతాలపేటలో. అందుకే ఈ చరిత్రను ఆ ప్రాంతం వైపునుంచి చూడటమే సబబు.

ప్రయోగం చూపించమనే కాలం

పూర్వం తెలుగులో మాట చెల్లుబాటును పద్యం నిర్ణయించేది. ఒక మాట మీద ఎవరైనా ఆక్షేపణ చేస్తే కవి పూర్వకవి ప్రయోగం చూపించాలి. చూపితే మాట నిలిచేది, లేకపోతే తప్పు ఒప్పుకోవాల్సిందే. ర, ఱ అక్షరాల తేడా మీదే ఎంతో చర్చ జరిగింది. ప్రాసలో ఈ రెండూ కలపవచ్చా కూడదా అన్నది కవుల పరువుకు సంబంధించిన విషయంగా ఉండేది. 17వ శతాబ్దంలో కాకునూరి అప్పకవి ఏ మాటలో ఏ రేఫ వాడాలో చెప్పడానికి పట్టికలే ఇచ్చాడు. అష్టావధానం కూడా ఒక రకంగా పద క్రీడే. అందులోని నిషిద్ధాక్షరి అంశంలో పృచ్ఛకుడు అక్షరం అక్షరానికీ అడ్డు తగులుతుంటాడు. అవధాని ఆ అక్షరం లేకుండా మరో మాట తెచ్చి పద్యం నడపాలి. ఆ తెచ్చిన మాట ఉందా లేదా అని సభలోనే తగవు పుట్టేది, సభలోనే తీరేది. తీర్చేవాళ్లు మనుషులు, వాళ్లకు జవాబు చెప్పే వీలుండేది. ఈ సంగతి మళ్లీ అవసరమవుతుంది.

19వ శతాబ్దంలో ఈ అధికారం నిఘంటువు చేతికి వచ్చింది. చిన్నయసూరి బాలవ్యాకరణం గ్రామ్యాన్ని వేరు చేసి గిరి గీసింది. సి.పి.బ్రౌన్ తన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును 1852లో అచ్చు వేయించాడు. కచేరీల్లో, అంగళ్లలో నలిగే హిందూస్తానీ, ఇంగ్లీషు మాటల కోసం 1854లో వేరే పుస్తకం తెచ్చాడు. జనం నోట ఉన్న మాటను పారేయకుండా దానికీ ఒక చోటు చూపించాడు. బహుజనపల్లి సీతారామాచార్యులు 1885లో ప్రచురించిన శబ్దరత్నాకరం కావ్యాల మాటకే పెద్దపీట వేసింది. ఆ పుస్తకం వెనకున్న శ్రమ అసామాన్యమైనది. తెలుగు మాట మీద అనుమానం వస్తే ఇప్పటికీ దాన్ని తెరిచేవాళ్లున్నారు. అయితే అది కావ్యం చదివేవాడికోసం చేసిన పుస్తకం. పొలం గట్టు మీద పలికే మాట అందులో కనిపించకపోతే ఆ మాట తెలుగు కాదనడం పొరపాటు.

ముఖలింగం గోడల నుంచి సవర గూడేలకు

గిడుగు 1863 ఆగస్టు 29న పుట్టారు. విజయనగరంలో గురజాడ అప్పారావుతో కలిసి చదువుకున్నారు. 1880లో పర్లాకిమిడి రాజా వారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. శ్రీముఖలింగం ఆలయాల గోడల మీద గంగరాజుల కాలపు శాసనాలున్నాయి. వాటిని చదవడం ఆయన సొంతంగా నేర్చుకున్నారు. గంగరాజుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమేనని వాదించినవారిలో ఆయన ఒకరు. శాసనం రాయించేవాడు కావ్యం రాయడు. ఏ భూమి ఇచ్చాడు, ఎన్ని దీపాలకు ఇచ్చాడు, ఎవరు సాక్షి అన్నది జనానికి అర్థమయ్యేలా చెక్కిస్తాడు. పాత తెలుగు అంటే కావ్యాల తెలుగు ఒక్కటే కాదని ఆయనకు ఆ రాళ్ల దగ్గరే బోధపడి ఉంటుందని నా నమ్మకం.

అంతకంటే పెద్ద పాఠం ఆయనకు సవరల దగ్గర దొరికింది. పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాషకు అప్పటికి రాత లేదు, కావ్యం లేదు, లక్షణ గ్రంథమూ లేదు. ఆయన ఆ భాష నేర్చుకుని వాళ్ల పిల్లలకు పుస్తకాలు రాశారు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు మద్రాసులో అచ్చయ్యాయి. ఆ నిఘంటువుకు ప్రమాణం ఎక్కడిది? పలికేవాడి నోరే. ప్రయోగం చూపించమంటే మనిషినే చూపించాలి. తెలుగు పండితులతో ముప్పై ఏళ్లు పోరాడిన మనిషి వెనక ఈ అనుభవం ఉందని గుర్తుపెట్టుకోకపోతే ఆయన పట్టుదల అర్థం కాదు.

1906 ప్రాంతంలో పాఠశాలల ఇన్‌స్పెక్టరు జె.ఎ.యేట్స్ ఒక సందేహం లేవదీశాడు. తరగతిలో నేర్పే తెలుగుకూ బయట వినబడే తెలుగుకూ ఇంత దూరం ఎందుకుందని అడిగాడు. గిడుగు, గురజాడ, విశాఖలోని కాలేజీ ప్రిన్సిపాలు పి.టి.శ్రీనివాస అయ్యంగారు ఆయనతో కలిశారు. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, దాని పెద్ద జయంతి రామయ్య పంతులు ఎదుటి పక్షం. 1913లో గిడుగు ఆధునిక తెలుగు మీద ఇంగ్లీషులో ఒక విజ్ఞాపన ప్రచురించారు. అదే ఏడు రామయ్య పంతులు కావ్యభాషను సమర్థిస్తూ పుస్తకం రాశారు. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం ఇచ్చారు. పరీక్షల్లో వాడుక భాషకు దొరికిన కొద్ది చోటు కూడా ఆ తర్వాత పోయింది. గురజాడ 1915 నవంబరులో కన్నుమూశారు.

గిడుగు పద్ధతి చూడండి. ఎదుటివాళ్ల ఆయుధాన్నే ఆయన తిప్పి పట్టుకున్నారు. ప్రయోగం చూపమంటారా అని గ్రాంథికవాదుల పుస్తకాల్లోంచే వాళ్లు తప్పులనే రూపాలు ఏరి చూపించారు. తాళపత్రాల్లోని టీకలూ వ్యాఖ్యానాలూ తీసి, పాతవాళ్లు వచనం ఎలా రాశారో ముందు పెట్టారు. 1919లో ‘తెలుగు’ అనే పత్రిక పెట్టి ఈ వాదాన్ని నెలనెలా నడిపారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు ఆ ఊరు వదిలి రాజమండ్రి చేరారు. 1940 జనవరి 22న మరణించారు. ఆయన పుట్టినరోజే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం.

ఇక్కడే ఒక విచిత్రం జరిగింది. పాఠాల్లోనూ పత్రికల్లోనూ వాడుక భాషే గెలిచింది గానీ పెద్ద నిఘంటువు ఎదుటి పక్షం చేతిలో ఉండిపోయింది. పిఠాపురం మహారాజు పేరుతో ఆంధ్ర సాహిత్య పరిషత్తు తయారుచేయించిన శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటం 1936లో వచ్చింది. గ్రంథాల్లో దొరికిన మాటే దానికి ప్రమాణం. మన దైనందిన రచన ఒక సూత్రం మీద, మన నిఘంటువు ఇంకో సూత్రం మీద నడిచాయి. పద క్రీడలు వచ్చి నిఘంటువు తలుపు తట్టేదాకా ఆ తేడా ఎవరికీ అంతగా అడ్డురాలేదు.

గళ్లు వచ్చాక

గిడుగు విజ్ఞాపన వెలువడిన 1913లోనే, డిసెంబరు 21న, న్యూయార్కు పత్రికలో ఆర్థర్ విన్ కూర్చిన మొదటి క్రాస్‌వర్డ్ అచ్చయింది. తెలుగులో శ్రీశ్రీ ‘పదబంధ ప్రహేళిక’ అనీ, ఆరుద్ర ‘గళ్ల నుడికట్టు’ అనీ పేర్లు పెట్టి గళ్లు కూర్చారు. ఇద్దరూ విశాఖవాళ్లే. పత్రికలో గడి వచ్చిన కొన్నాళ్లకు సమాధానాలు వచ్చేవి. సమాధానం నచ్చని పాఠకుడు కార్డు ముక్క రాసేవాడు. తీర్పు సంపాదకుడిదే అయినా, ఆయన ఎవరో తెలిసేది, రాయడానికి చిరునామా ఉండేది.

ఇంగ్లీషులో పట్టికల రాజ్యం స్క్రాబుల్‌తో మొదలైంది. ఆల్‌ఫ్రెడ్ బట్స్ 1938లో రూపొందించిన ఆ ఆట 1948లో ఆ పేరు పెట్టుకుంది. దానికి ప్రత్యేక నిఘంటువు 1978లో అమెరికాలో వచ్చింది. అందరూ రోజుకు వందసార్లు పలికే ‘ఓకే’ అనే మాట ఆ నిఘంటువులోకి ఎక్కడానికి 2018 దాకా పట్టింది. బల్ల మీద ఆడేటప్పుడు ఎదుటివాడు సవాలు చేస్తేనే మాట పరీక్షకు నిలిచేది, లేకుంటే చెల్లినట్టే. ఆన్‌లైన్ ఆటలు ఈ సంప్రదాయాన్ని మార్చేశాయి. పట్టికలో లేని మాటను యంత్రం మొదటే తిప్పికొడుతుంది. జాష్ వార్డిల్ తయారుచేసిన వర్డిల్‌ను 2022 జనవరి చివర న్యూయార్క్ టైమ్స్ కొనుక్కుని జవాబుల పట్టికలోంచి కొన్ని మాటలు తీసేసింది. దాంతో ఫిబ్రవరి 15న పాత పేజీలో ఆడినవాళ్లకు ‘అగోరా’, కొత్త పేజీలో ఆడినవాళ్లకు ‘అరోమా’ జవాబైంది. ఒకే రోజు, ఒకే ఆట, రెండు జవాబులు. లోకమంతా దాన్ని చర్చించింది.

శ్రీముఖలింగం ఎన్ని గళ్లు?

తెలుగు ఆటలో మాట చెల్లుబాటుకంటే ముందు అక్షరం చెల్లుబాటే తగవు. ‘శ్రీముఖలింగం’ రాయడానికి ఎన్ని గళ్లు కావాలి? గడి పూరించే ఎవరినడిగినా శ్రీ, ము, ఖ, లిం, గం అని వేళ్లు ముడిచి అయిదంటారు. కంప్యూటరు మాత్రం యూనికోడ్ సంకేతాలు లెక్కపెడుతుంది. ఒక్క ‘శ్రీ’లోనే శ, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిసి నాలుగున్నాయి. మొత్తం మాటకు పన్నెండవుతాయి. యూనికోడ్ పాత నియమాల ప్రకారం అక్షరాలుగా విడదీసినా ‘శ్రీ’ రెండు ముక్కలై ఆరు వచ్చేవి. తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల్లో సంయుక్తాక్షరాన్ని ఒకే ముక్కగా చూడాలన్న నియమం 2023లో వచ్చిన 15.1 కూర్పులోనే చేరింది. అంతవరకూ తెలుగు ఆట చేసేవాళ్లు ఈ లెక్కను తామే రాసుకోవాల్సి వచ్చేది.

వర్ణక్రమమూ ఒక చిక్కే. ‘పెళ్లి’ అని కొందరు, ‘పెళ్ళి’ అని కొందరు రాస్తారు. రెండూ రెండే గళ్లు, రెండూ అచ్చులో ఉన్నవే. పట్టికలో ఒకటే ఉంటే రెండోది తప్పవుతుంది. ‘ఏరు’, ‘ఏఱు’ కూడా ఇంతే, అప్పకవి నాటి తగవు అలాగే ఉంది. ‘ఆన్‌లైన్’ వంటి మాటలో న్ తర్వాత కంటికి కనబడని ఒక సంకేతం ఉంటుంది. ఒకరు అది వేసి టైపు చేస్తారు, ఒకరు వేయరు. చదివేవారికి రెండూ ఒకటే అయినా యంత్రానికి అవి రెండు వేర్వేరు మాటలు.

అన్నిటికన్నా లోతైన చిక్కు క్రియలది. ఆధారం ‘పని పూర్తి చేశాక అతడు’ అని ఉందనుకోండి. మూడు గళ్లు. కృష్ణా తీరంలో ‘చేశాడు’ అని నింపుతారు. తెలంగాణలో ‘చేసిండు’. విజయనగరం వైపు ‘చేసేడు’. మూడూ మూడు గళ్లలో ఇమిడిపోతాయి. రాయలసీమలో ‘చేసినాడు’ అనేవాడికి గడి చాలదు. పట్టికలో సాధారణంగా ఉండేది మొదటి రూపమే. ‘చేసేడు’ లాంటి రూపాలు గురజాడ కన్యాశుల్కం నిండా ఉన్నా, ఆ నాటకం 1892లో విజయనగరంలో ఆడినప్పటినుంచీ జనం వింటున్నా అంతే. ‘ఏటి’, ‘గుంటడు’, ‘బుగత’, ‘చోళ్లు’, ‘కంబారి’ అనే శ్రీకాకుళం ప్రాంతపు మాటలకూ ఇదే గతి. ‘ఏటి’ అంటే నది సంబంధమైనదని మాత్రమే తెలిసిన పట్టిక, దాన్ని ‘ఏమిటి’ అన్న అర్థంలో ఎలా ఒప్పుకుంటుంది? ‘గుంట’ అంటే గొయ్యి అనే ఆధారం వస్తుంది గానీ పిల్ల అనే ఆధారం రాదు.

ఈ లోపాన్ని గిడుగు మీద మోపేవారున్నారు. ఆయన శిష్టవ్యావహారికం అన్నారు కాబట్టి చదువుకున్నవాళ్ల మాటే, చివరికి మధ్య కోస్తా మాటే ప్రమాణమై కూర్చుందని వాళ్ల వాదన. అందులో కొంత నిజముంది. కానీ మాట మాట్లాడేవాడిదనే సూత్రం ఆయనదే. దాన్ని అందరు మాట్లాడేవాళ్లకూ వర్తింపజేయడం తర్వాతివాళ్ల పని. ఆ పని జరిగింది కూడా. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి ఊరూరా రైతుల నోట విన్న మాటలతో 1962లో వ్యవసాయ పదాల కోశం, 1971లో చేనేత పదాల కోశం తెచ్చారు. ఆ పరిశీలన ఆధారంగా తెలుగును నాలుగు మాండలిక మండలాలుగా విడదీసి, శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాన్ని పూర్వమండలం అన్నారు. రావిశాస్త్రి, కాళీపట్నం రామారావు ఈ మాటలను కథల్లో నిలబెట్టారు. రామారావు శ్రీకాకుళంలో 1997లో స్థాపించిన కథానిలయంలో ఆ కథలున్నాయి. గ్రంథంలో ప్రయోగం కావాలనేవాళ్లకు కూడా ఇక ప్రయోగం కొరత లేదు.

ప్రస్తుత స్థితి

ఇంగ్లీషు స్క్రాబుల్‌కు ఉన్నట్టు అందరూ ఒప్పుకున్న పదపట్టిక తెలుగు ఆటలకు లేదు. ఎవరి ఆటకు వాళ్లు దొరికిన నిఘంటువుల్లోంచి ఒక పట్టిక ఏరుకుంటారు. నిఘంటువు ఏ సూత్రం మీద కట్టారో ఆ సూత్రమే ఆటలోకి వస్తుంది. తెలుగు మాట రూపాలు సంధులతో, ప్రత్యయాలతో పెరుగుతూ పోతాయి కాబట్టి మూసివేసిన పట్టిక తెలుగుకు ఎప్పుడూ ఇరుకే. పట్టికలో లేని మాటను తప్పు అనకుండా ‘మా దగ్గర లేదు, ఎక్కడి మాటో చెప్పండి’ అని అడిగే ఆట తెలుగుకు సరిపోయే ఆట. అవధాన సభలో పెద్దలు చేసిందీ అదే.

తెలుగు విక్షనరీలో ఎవరైనా మాట చేర్చవచ్చు. మీ ఊరి మాటను ఆట తిప్పికొడితే ఆ పూట దాన్ని అక్కడ రాయండి, అర్థంతో పాటు ఏ ఊళ్లో, ఎవరి నోట విన్నారో కూడా రాయండి.