చివ్వెంల మేడ మీద రాకెట్ జమాఖర్చులు

రాత్రి తొమ్మిది దాటింది. సంక్రాంతి ముందటి చలి. చివ్వెంలలో మా మేడ మీది గదిలోకి రండి, చెప్పులు బయట విడిచి. గుమ్మం పక్కన విత్తన వడ్ల బస్తాలు రెండున్నాయి, కాలికి తగలకుండా దాటండి. లోపల చాప మీద నలుగురు పిల్లలు, వాళ్ల మధ్య పీట మీద ల్యాప్‌టాప్. కిటికీ తెరిచే ఉంది. యాసంగి నాట్లకు పొలం దమ్ము చేస్తున్న ట్రాక్టర్ చప్పుడు ఎక్కడి నుంచో వస్తోంది. గాలి ఇటు తిరిగినప్పుడు హైదరాబాద్–విజయవాడ హైవే మీది లారీల హోరు కూడా వినిపిస్తుంది.

ల్యాప్‌టాప్ మా అక్క కొడుకుది. హైదరాబాద్‌లో బీటెక్ చదువుతున్నాడు, పండక్కి వచ్చాడు. వాడి ఎడమ పక్కన ఉన్నవాడిది కోదాడ, కుడి పక్కవాడిది మిర్యాలగూడలో రైస్ మిల్లున్న ఇల్లు. వెనక మోకాళ్ల మీద గడ్డం ఆనించి కూర్చున్నది ఇంటర్ రెండో సంవత్సరం చదివే నా కూతురు. నేను సూర్యాపేట ధాన్యం వ్యాపారంలో ముప్పై ఏళ్లు ఖాతాలు రాసినవాణ్ణి. నన్ను పిలిచింది అందుకే.

“మామా, నువ్వు కూడిక చేసి చెప్పు, మొదటి రాకెట్ ఎంతైతదో.”

తెర మీద తెల్లటి గిడ్డంగి. అందులో గాలిలో వేలాడుతున్న ముక్కలు. ఆట పేరు కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్. మెక్సికో సిటీలో స్క్వాడ్ అనే సంస్థ చేసింది. అసలు వాళ్ల పని మార్కెటింగ్. అక్కడ పనిచేసే ఫెలిపె ఫలాంఘె అనే కుర్రాడి ఆలోచన ఇది. 2011లో తొలి రూపం జనంలోకి వచ్చింది, 2015 ఏప్రిల్‌లో పూర్తి ఆట విడుదలైంది. కెర్బల్‌లు అనే పచ్చటి పొట్టి మనుషులకు మీరు అంతరిక్ష నౌకలు కట్టిపెట్టాలి. కెరీర్ అనే పద్ధతిలో ఆడితే ఆ నౌకలకు డబ్బు కూడా మీరే సంపాదించాలి. చేతిలో పెట్టుబడి 25,000.

అల్లుడు ముక్క మీద వేలు పెడతాడు, నేను కాగితం మీద అంకె వేస్తాను. మనిషి కూర్చునే క్యాప్సూల్ 600. పారాచూట్ 422. కింద ఘన ఇంధనపు చిన్న బూస్టర్ 200. మొత్తం 1,222. నేను గీత గీసేలోపే వాడు స్పేస్ బార్ నొక్కాడు. బూస్టర్ పది సెకన్లు కూడా మండలేదు. మంట ఆరాక రాకెట్ ఇంకాస్త దూరం తన ఊపుతో పైకి పోయి, ఆగి, తిరిగి పడుతోంది. పారాచూట్ విచ్చుకుంది. క్యాప్సూల్ గడ్డి మీద మెత్తగా దిగింది. లోపల జెబెడయా కెర్మన్, పిల్లల నోట్లో జెబ్, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

దిగినదాన్ని అమ్ముకోవచ్చట! లాంచ్‌ప్యాడ్ మీదో రన్‌వే మీదో దిగితే మిగిలిన సరుకుకు పూర్తి విలువ. అంతరిక్ష కేంద్రం ఆవరణలో దిగితే 98 శాతం. దూరం పెరిగేకొద్దీ తగ్గుతూ, గ్రహానికి అవతలి కొసన పడితే పది శాతమే చేతికొస్తుంది.

“ఇది రిటర్న్ లోడ్ లెక్క,” అన్నాను.

మిర్యాలగూడ పిల్లవాడు చటుక్కున తలెత్తాడు. “కరెక్ట్ అంకుల్. లారీ ఎక్కడ ఖాళీ అయితదో చూసుకోకుండా కిరాయి మాట్లాడితే మునిగినట్టే.”

అప్పుడే ఈ ఆట మీద నాకు గౌరవం కలిగింది. నౌక ఎక్కడ దిగుతుందో గీసేటప్పుడే ఆలోచించాలి. పారాచూట్ కొంటున్నప్పుడే జమ వైపు కూడా ఒక గీత గీస్తున్నామన్నమాట.

ఇక అసలు పని, కక్ష్య. గది గాలి మారింది. కోదాడ పిల్లవాడు ముందుకు జరిగాడు, నా కూతురు కూడా. మొదటి అంచె లాంచ్‌ప్యాడ్ 18 టన్నులకు మించి మోయదు. 18 టన్నులంటే మాకు నలభై కిలోల బస్తాలు నాలుగు వందల యాభై. రాకెట్ కట్టే షెడ్డు ముప్పై ముక్కలకు మించి ఒప్పుకోదు. నిండు ఇంధన ట్యాంకు ఒకటి 2.25 టన్నులు. ఎనిమిది పెడితే తూకం సరిపోయింది, ఇంజిన్‌కు చోటు లేదు.

“ఒక ట్యాంకు తీసెయ్ రా.”

“తీస్తే పైన చాలదు.”

“రెక్కలు తీసెయ్.”

“రెక్కలు తీస్తే తిరగబడతది బావా,” అంది నా కూతురు.

ఎవరూ వినలేదు. రెక్కలు నాలుగూ పోయాయి, రాకెట్ లేచింది. నాలుగు కిలోమీటర్ల ఎత్తులో అల్లుడు తూర్పుకు వంచాడు. కాస్త ఎక్కువే వంచినట్టున్నాడు. ముక్కు కిందికి వాలింది, తోక పైకి లేచింది, మంట ఆకాశం వైపు తిరిగింది. నేను నా తొడ పట్టుకున్నాను. తెర మీద తెల్లటి పొగ, ముక్కలు, ఆ తర్వాత ఏమీ లేదు.

అల్లుడు తాపీగా ఒక మీట నొక్కాడు. రివర్ట్. రాకెట్ మళ్లీ కట్టే షెడ్డులో నిలబడి ఉంది. డబ్బు అంతా వెనక్కి వచ్చింది. జెబ్ నవ్వుతున్నాడు.

ఈ ఆట ఆడేవాళ్లు ఎక్కడ కూర్చున్నా తెగని తగవు ఇక్కడా మొదలైంది.

“ఇది తొండి,” అన్నాడు మిర్యాలగూడ పిల్లవాడు. “మిల్లుల మోటారు కాలితే రివర్ట్ ఉంటదా? హార్డ్ మోడ్‌ల ఆడు, అండ్ల రివర్ట్ బందు. అప్పుడు తెలుస్తది.”

“హార్డ్ మోడ్‌ల ఆడితే మనోళ్లెవరూ మూడో రాకెట్ దాక రారు,” అంది నా కూతురు. “ఇప్పుడు రెక్కలు పెడతరు చూడు. పగిలినంకనే కదా నా మాట విన్నరు.”

రెక్కలు పెట్టారు. ఒక ట్యాంకు తగ్గించారు. కక్ష్య అంటే ఎత్తు ఒక్కటే కాదని ఈ పిల్లలకు ఏ పాఠమూ ఇంత బాగా చెప్పి ఉండదు. ఆటలోని గ్రహం కెర్బిన్‌కు గాలి డెబ్బై కిలోమీటర్ల వరకే. కానీ ఆ ఎత్తుకు పోయి ఆగితే తిరిగి పడటమే. అక్కడ పక్కకు సెకనుకు దాదాపు 2,300 మీటర్ల వేగం ఉండాలి. మన భూమి మీదైతే 7,800 మీటర్లు కావాలి. కెర్బిన్ వ్యాసార్ధం 600 కిలోమీటర్లే, భూమిది 6,371. ఆట చేసినవాళ్లు గ్రహాన్ని చిన్నది చేసి ఆ మేరకు దయ చూపించారు. తెర మీద గీత మెల్లగా గుండ్రమవుతుంటే నలుగురూ ఊపిరి బిగపట్టారు. గీత నేలను వదిలింది. అల్లుడు రెండు చేతులూ పైకెత్తాడు. కింద మా అక్క “ఏమైందిరా” అని కేకేసింది.

నువ్వులు వేసిన సకినాలు వచ్చాయి. తింటూ కాంట్రాక్టుల కాగితాలు చూశాం. ఒప్పుకుంటే అడ్వాన్స్, ముగిస్తే బాకీ, తప్పితే జరిమానా. ఫలానా బూస్టర్‌ను ఫలానా ఎత్తులో, ఫలానా వేగంలో మండించి చూపమని కొన్ని అడుగుతాయి. వీటి మీద పిల్లలందరిదీ ఒకటే మాట, విసుగు. అంతకు ముందు నడిపిన నౌకకూ ఈ పనికీ సంబంధం ఉండదు. మిర్యాలగూడ పిల్లవాడు మాత్రం వాటిని సమర్థించాడు.

“సర్కారు వడ్లు మాకు పోసి, క్వింటాలుకు 67 కిలోల పచ్చి బియ్యం గడువుల ఇయ్యమంటది. మేం అడిగిన పనా అది? అయినా మిల్లు తిరిగేది దాంతోనే.”

ఆ మాట నాకు నచ్చింది. తనకు ఇష్టమైన నౌక కట్టడానికి, ఇష్టం లేని పని పట్టి డబ్బు తెచ్చుకోవడం వ్యాపారంలో సగం.

కోదాడ పిల్లవాడు ఇంతసేపూ తన ఆట గురించి చెప్పాలని ఆగుతున్నాడు. అది స్టార్‌షిప్ కార్పొరేషన్, కొరొనాడో గేమ్స్ చేసింది, 2018లో పూర్తి రూపంలో వచ్చింది. ల్యాప్‌టాప్ వాడి ఒళ్లోకి మారింది. ఇందులో నౌక ఎగరడం కన్నా లోపలి ఇల్లు ముఖ్యం. అంతస్తు తరువాత అంతస్తు, గదులు, రియాక్టరు, సిబ్బంది పడకలు, నడవలు, లిఫ్టులు. మీరు నౌకలు కట్టి అమ్మే కంపెనీ యజమాని. కట్టాక సిబ్బందిని లోపలికి వదిలి ప్రమాదం వచ్చినట్టు పరీక్షించాలి. అందరూ సమయానికి తమ తమ చోట్లకు చేరాలి.

వాడు పరీక్ష మొదలుపెట్టాడు. చీమల్లాంటి మనుషులు పడకల మీంచి లేచి పరుగెత్తారు. రెండో అంతస్తు మలుపులో ఒక్కటే నడవ. అక్కడ ఇరుక్కున్నారు.

“దురాజ్‌పల్లి జాతరప్పుడు పెద్దగట్టు మెట్ల కాడ గిట్లనే అయితది,” అన్నాడు అల్లుడు.

నిజమే. లింగమంతుల స్వామి జాతరకు రెండేళ్లకొకసారి ఈ మండలంలోకి వచ్చే జనం కోసం హైవే మీది వాహనాలనే దారి మళ్లిస్తారు. దారి ఇరుకైతే ఏమవుతుందో ఇక్కడి పిల్లలకు తెలుసు. వాడు నడవ వెడల్పు చేశాడు. ఆ మేరకు సరుకు గది తగ్గింది. సరుకు తగ్గితే కొనేవాడు ఒప్పుకోడు. ఇంత మంచి చిక్కు ముడి! కానీ నాలుగో పరీక్షకు వచ్చేసరికి నాకే కళ్లు మూతలు పడ్డాయి. అదే పరుగు, అదే ఎదురుచూపు. “గీసుడు మస్తుంటది, పరీక్షలే చంపుతయి,” అని వాడే ఒప్పుకున్నాడు.

మళ్లీ కెర్బల్. అల్లుడు హాస్టల్లో ఆడిన పాత ఆట తెరిచాడు. దునా అనే ఎర్ర గ్రహానికి పోవాలి. దారి కలిసొచ్చేది అక్కడి లెక్కన రెండేళ్లకు పైబడి ఒకసారి. వాడు కాలాన్ని వేగంగా తిప్పే మీట నొక్కాడు. గ్రహాలు గిర్రున తిరిగాయి. మేం టీ తాగేలోపు రెండేళ్లు గడిచాయి. నేను తెర పైన ఉన్న నిల్వ అంకెనే చూస్తున్నాను. ఒక్క రూపాయి కదలలేదు.

“జీతాలు?”

“లేవు మామా.”

“వడ్డీ?”

“అది కూడా లేదు.”

నేను కాగితం తీసుకున్నాను. మా వైపు అప్పు నూటికి నెలకు రెండు రూపాయలు. 25,000కు నెలకు 500. రెండేళ్లకు 12,000. ఆ కాగితం పిల్లల ముందు పెట్టాను. నవ్వుతారనుకున్నాను, ఎవరూ నవ్వలేదు. మిర్యాలగూడ పిల్లవాడు దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

నాకు ఈ ఆటలో కనపడిన పెద్ద లోటు ఇదే. తూకానికి లెక్కుంది, ముక్కలకు లెక్కుంది, కాలానికి లేదు. రైతుకైనా మిల్లరుకైనా గుండె బరువయ్యేది నెల తిరిగే రోజునే. కాలం ఉచితమైతే ఎంతసేపైనా ఆగవచ్చు, ఎంత పెద్దదైనా కట్టవచ్చు, చిన్న నౌకతో సర్దుకోవాల్సిన అవసరమే రాదు. ఆ సర్దుబాటులోనే మంచి డిజైన్ పుడుతుంది. 18 టన్నుల హద్దు ఇందాక పిల్లల చేత ఎంత తెలివిగా ఆలోచింపజేసిందో మీరూ చూశారు.

ఈ లోటు నాకొక్కడికే కనపడలేదట. ఆడేవాళ్లే పూడ్చుకున్నారని అల్లుడు చూపించాడు. కెర్బల్ కన్‌స్ట్రక్షన్ టైమ్ అని అభిమానులు రాసిన మాడ్ ఒకటుంది, అందులో నౌక కట్టడానికి రోజులు పడతాయి. ఆర్‌పీ-1 అనేది ఇంకా కఠినం. అసలు భూమంత గ్రహం, 1951తో మొదలు, భవనాల నిర్వహణ ఖర్చు, సిబ్బంది జీతాలు అన్నీ ఉంటాయి. జీతం భారం కావాలని అడిగి మరీ తెచ్చుకున్నారంటే ఆడేవాళ్ల మనసు ఏమిటో తెలుస్తోంది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన రెండో కెర్బల్ ఆటకు ఆ మనసు అందలేదు. అది బయటకు వచ్చిన రోజున అందులో కెరీర్ లేదు, డబ్బు లెక్కే లేదు. అల్లుడు దాన్ని కొనలేదు.

“అయితే నాన్నా, రివర్ట్ తీసేయాల్నంటవా?” అని అడిగింది నా కూతురు.

ఆ ప్రశ్నకు జవాబు కోసం మేం మాటల్లో హైదరాబాద్ దాకా వెళ్లాల్సి వచ్చింది. ఇస్రోలో పనిచేసిన పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా 2018లో అక్కడ స్కైరూట్ ఏరోస్పేస్ పెట్టారు. వాళ్ల తొలి రాకెట్ విక్రమ్-ఎస్ 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి లేచింది. 83 కిలోల సరుకుతో 89.5 కిలోమీటర్ల ఎత్తుకు పోయి సముద్రంలో పడింది. ఎగురుడంతా ఐదు నిమిషాలకు లోపే. సంస్థ పెట్టిన రోజు నుంచి ఆ ఐదు నిమిషాల వరకు నాలుగేళ్లు.

“నాలుగేండ్ల జీతాలు,” అన్నాడు మిర్యాలగూడ పిల్లవాడు, కాగితం ఇంకా చేతిలోనే ఉంది.

వాళ్లకు రివర్ట్ మీట లేదు. అందుకే నేల మీద ముందుగా వందసార్లు లెక్క చూసుకుంటారు. మన పిల్లలకు ఆ వంద లెక్కల చోటు ఈ ఆట. రెక్కలు తీసేస్తే రాకెట్ తిరగబడుతుందని పైసా ఖర్చు లేకుండా ఒకసారి చూడటం ఏ పల్లె పిల్లకైనా దొరకాల్సిన చదువు. రివర్ట్ ఉండాలి. నా కూతురితో అదే అన్నాను.

పన్నెండున్నర అయింది. ట్రాక్టర్ ఆగిపోయింది. పిల్లలు కొత్త ఆట మొదలుపెట్టి ఒక ఒప్పందం చేసుకున్నారు. తెర మీద నిల్వ ఎంతున్నా, అసలు ఖాతా నా నోట్‌బుక్‌లో ఉంటుంది. ఆటలో ముప్పై రోజులు గడిచినప్పుడల్లా నూటికి రెండు చొప్పున వడ్డీ, జెబ్ జీతం 300 కోయాలి. పుస్తకంలో నిల్వ సున్నా అయితే ఆట ఆపాలి. మొదటి పేజీలో ఎడమ వైపు జమ 25,000, కుడి వైపు ఖర్చు 1,222 నా చేత్తోనే రాశాను.

హైదరాబాద్‌లో ఆటలు తయారుచేసే తెలుగు పిల్లలకు నాదొక విన్నపం. నౌక కట్టే ఆట ఒకటి మీరు చేయండి. అందులో నెల తిరిగేసరికి జీతాలు, వడ్డీ కోయండి. కాంట్రాక్టు కాగితాలు తెలుగులో రాయండి. రివర్ట్ మీట మాత్రం ఉంచండి.