పాట లేని చీటీ

మా నెల్లూరు జిల్లాలో పాటంటే సినిమా పాటొక్కటే కాదు. చెరువు చేపల పాట, ఒకప్పుడు సారా పాట, చీటీ పాట. ఎవరెక్కువ పాడితే వాళ్లది. చీటీలో మాత్రం ఎవరెక్కువ వదులుకుంటే సొమ్ము వాళ్లది.

మా వీధి చీటీలో ఇరవై మంది. నెలకు తలా వంద, మొత్తం 2000. మొగుణ్ని ఆసుపత్రిలో చేర్చిన పక్కింటి అక్క ఒకసారి 600 వదులుకుంటానని పాడి 1400 పట్టుకుపోయింది. ఆ ఆరొందల్లో చీటీ పెట్టినాయన కమీషను వంద పోగా, తలా పాతిక పంచారు. మా వాటా పాతికతో ఆ ఆదివారం కోడిగుడ్లు తెచ్చుకున్నాం. అమ్మ తినలేదు. కేంద్రం 1982లోనే చిట్‌ఫండ్ చట్టం తెచ్చిందట గానీ, అరుగు మీది చీటీకి పెట్టినాయన పుస్తకమే చట్టం.

1992లో అక్షరదీపం రాత్రిబడుల్లో అక్షరాలు దిద్దుతున్న దూబగుంట ఆడవాళ్లు, రోశమ్మ ముందు నడవగా, ఊళ్లో సారా అంగడి మూయించారు. ఆ ఊపుకి జిల్లాలో సారా పాటలు పదే పదే వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్లో జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. ఆ ఏడే ఆడవాళ్ల గుంపులతో పొదుపులక్ష్మి మొదలైంది: మనిషికి రోజుకో రూపాయి.

మా గుంపులో పదిహేను మంది. నెలకు 450 రూపాయలు, ఒక బిస్కెట్ల డబ్బాలో. ఎనిమిదో తరగతి చదివే నేనే లెక్కల రాతగత్తెను. బయట నూటికి ఐదు రూపాయల వడ్డీ, ఇక్కడ రెండు. ఆ రెండూ మళ్లీ డబ్బాలోకే. ఇద్దరికి ఒకేసారి అవసరం పడితే పాట లేదు, వాదనే. ఒకామెకు వేరుశనగ విత్తనాలు, ఇంకొకామెకు కూతురి కాన్పు. "పాడేదేంది మే, నీ కష్టం నోరు తెరిచి చెప్పు" అనేది అమ్మ.

అయితే నోరు తెరిచి చెప్పడం తేలికా? పాటలో డబ్బు పోయేది గానీ ఇంటి గుట్టు పోయేది కాదు. మాటకి జంకి, బయట ఐదు రూపాయల వడ్డీకే పోయిన ఆడవాళ్లు నాకు తెలుసు.

తర్వాత బ్యాంకు లోన్లొచ్చాయి, 2000లో ప్రభుత్వ వెలుగు పథకం వచ్చింది, పొదుపు మాట వెనకబడి లోను మాట ముందుకొచ్చింది. ఆడవాళ్లు ఒకరికొకరు పడిన పూచీని మైక్రోఫైనాన్సు కంపెనీలు వసూలు కర్రగా వాడుకున్నాయి. ఒకామె కిస్తు తప్పితే మిగతావాళ్లనే ఆమె గడప మీదికి తోలేవి. 2010 అక్టోబరులో రాష్ట్రం ఆ కంపెనీలను కట్టడి చేసే ఆర్డినెన్సు తెచ్చేసరికే జరగాల్సింది జరిగిపోయింది.

నేను రాసిన పుస్తకం అమ్మ ట్రంకుపెట్టెలో ఉంది. పక్కింటి అక్క తీసుకున్న 300 అప్పు అందులోనే ఉంది, నెలకు 30 అసలు చొప్పున పది కిస్తులు. ఐదింటికి వేలిముద్ర. ఆరోదాని దగ్గర, గడి దాటి కిందికి జారిపోయిన సంతకం.

అమ్మ ఇప్పటికీ ఒక చీటీ కడుతోంది. గుంపు ఉండగా ఇదెందుకని అడిగాను.

"గుంపులో చెప్పుకోలేని ఖర్చులుంటాయి కదమ్మే!"