ఐపీఎల్ ఆరెంజ్ క్యాప్‌తో సౌదీ చమురు కంపెనీకి పనేంటి? అసలేంటీ 'స్పోర్ట్స్‌వాషింగ్'?

ఐపీఎల్ వచ్చిందంటే జంగారెడ్డిగూడెం నుంచి ఏలూరు దాకా ఏ ఫోన్ చూసినా స్కోర్లే. 2022 సీజన్ చూసినవాళ్లకు 'ఆరామ్‌కో ఆరెంజ్ క్యాప్' అనే మాట గుర్తుండే ఉంటుంది. ఆరామ్‌కో సౌదీ అరేబియా ప్రభుత్వ చమురు కంపెనీ. ఆ సీజన్ మార్చి 26న మొదలైంది. సరిగ్గా రెండు వారాల ముందు, మార్చి 12న సౌదీ ఒక్కరోజే 81 మందికి మరణశిక్ష అమలు చేసింది. క్యాప్ చాలామందికి గుర్తుంది. ఆ 81 మంది?

అర్థమేంటి?
హక్కుల అణచివేత ఆరోపణలున్న ప్రభుత్వాలు ఆటల మీద డబ్బు కుమ్మరించి మంచిపేరు తెచ్చుకోవడమే స్పోర్ట్స్‌వాషింగ్. 2015లో అజర్‌బైజాన్ రాజధాని బాకులో యూరోపియన్ గేమ్స్ జరిగినప్పుడు ఈ మాట బాగా వినిపించింది. పద్ధతి మాత్రం పాతదే. 1936లో హిట్లర్ బెర్లిన్ ఒలింపిక్స్‌ను, 1978లో అర్జెంటీనా సైనిక పాలకులు ఫుట్‌బాల్ వరల్డ్‌కప్‌ను ఇలాగే వాడుకున్నారు.

సౌదీ ఏం చేసింది?
* 2018 అక్టోబర్: ఇస్తాంబుల్‌లోని సౌదీ కాన్సులేట్‌లో జర్నలిస్ట్ జమాల్ ఖషోగ్జీ హత్య.
* 2021 అక్టోబర్: ఇంగ్లండ్ క్లబ్ న్యూకాజిల్ యునైటెడ్‌లో 80 శాతం వాటా కొనుగోలు.
* 2024 నవంబర్ 24, 25: జెడ్డాలో ఐపీఎల్ మెగా వేలం.
* 2024 డిసెంబర్ 11: 2034 ఫుట్‌బాల్ వరల్డ్‌కప్ సౌదీకే అని ఫిఫా ప్రకటన.

విమర్శలకు యువరాజు మహమ్మద్ బిన్ సల్మాన్ 2023లో ఓ టీవీ ఇంటర్వ్యూలో జవాబిచ్చారు. స్పోర్ట్స్‌వాషింగ్‌తో జీడీపీ 1 శాతం పెరిగితే దాన్ని కొనసాగిస్తానని తేల్చి చెప్పేశారు.

మనకేంటి సంబంధం?
గోదావరి జిల్లాల నుంచి ఎందరో మహిళలు ఇంటి పనికి గల్ఫ్ వెళ్తుంటారు. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి కూలీలు వెళ్తారు. 2022 వరల్డ్‌కప్‌కు ముందు ఖతార్‌లో వలస కార్మికుల మరణాలపై ప్రపంచమంతా ప్రశ్నించింది. ఆ ఒత్తిడి మధ్యే 2020లో ఖతార్ చట్టం మార్చింది. యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలిచ్చింది. కనీస జీతం నెలకు 1,000 రియాల్స్ చేసింది. అమలు సరిగా లేదని హక్కుల సంఘాలు ఇప్పటికీ అంటున్నాయి.

అంటే ఆట మచ్చను కప్పనూ గలదు, బయటపెట్టనూ గలదు. చూసేవాళ్లు అడిగితేనే రెండోది జరుగుతుంది. 2034 కోసం సౌదీలో స్టేడియాలు కట్టాలి. ఆ పనికి మన ఊళ్ల నుంచీ వెళ్లేవాళ్లు ఉంటారు. ఏజెంట్‌కు డబ్బు కట్టేముందు అతనికి కేంద్ర విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవడం మర్చిపోవద్దు.